ఫుచూకు కొత్తగా వచ్చినాం, పిల్లోడు రగ్బీ అంటా ఉండాడు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. టోక్యో పక్కన ఫుచూకు వచ్చి రెండు నెలలైంది. పిల్లోడికి 13 ఏళ్లు. ఊర్లో కబడ్డీ ఆడేవాడు. ఇక్కడ స్కూల్లో రగ్బీ క్లబ్బులో చేరతానని మొండికేసినాడు. వాళ్లమ్మకు ఎముకల భయం. నా అనుమానం వేరే. వీడు ఎంత బాగా ఆడినా, ఇండియా పాస్‌పోర్టుతో జపాన్ టీములోకి రానిస్తారా?

—

తమ్ముడూ, మాది చిత్తూరు గిరింపేట. పిల్లోడు ఇంకా బంతే పట్టలేదు, నువ్వు జపాన్ టీముదాకా పొయినావే! సరే, అడిగినావు కాబట్టి చెప్తా. రగ్బీలో పాస్‌పోర్టు అడగరు. ఆ దేశంలో పుట్టుండాల, లేదంటే అమ్మానాయనో అవ్వాతాతో పుట్టుండాల. అదీ లేకుంటే ఏళ్ల తరబడి ఆ దేశం రగ్బీ సంఘంలోనే పేరు నమోదై ఉండాల. ముందు వరసగా మూడేళ్లు ఆ దేశంలో ఉంటే చాలనేవాళ్లు, దాన్ని ఐదేళ్లకు పెంచాలని 2017లో తీర్మానించినారు. ఇప్పుడు ఆ ఐదేళ్లు లెక్కబెట్టేది పేరు నమోదైనప్పటి నుంచి. ఒలింపిక్స్‌కు మాత్రం పౌరసత్వం కావాల్సిందే. ఆ ఐదేళ్ల లెక్క కోసం క్లబ్బులో పేరు రాయించిన కాగితం తేదీతో సహా దాచిపెట్టు.

లీచ్ మైకేల్ పేరు విన్నావా? మీ ఫుచూలో ఉండే తోషిబా టీముకు కెప్టెన్‌గా 2024లో లీగ్ కప్పు తెచ్చినోడు. పుట్టింది న్యూజీలాండు, క్రైస్ట్‌చర్చ్‌లో. 15 ఏళ్లప్పుడు సప్పోరోలో హైస్కూలు చదవడానికి వచ్చి, సుషీ అంగడి వాళ్లింట్లో ఉన్నాడు. జపాన్‌కు తొలి మ్యాచ్ ఆడింది 2008లో, పౌరసత్వం తీసుకునింది 2013లో. చూడు, ఐదేళ్లు జపాన్ పౌరుడు కాకుండానే ఆడినాడు. పౌరసత్వం వచ్చినాక పేరు తిప్పి రాసుకున్నాడు, ఇంటిపేరు ముందు. మనకిదేం కొత్త!

2015 ప్రపంచ కప్పులో దక్షిణాఫ్రికాతో మ్యాచ్ ఎప్పుడన్నా పిల్లోడితో కూర్చోని చూడు. ఆఖర్లో జపాన్ మూడు పాయింట్లు వెనక. పెనాల్టీ కొడితే సమానం. కెప్టెన్ లీచ్ అది వద్దని స్క్రమ్ అడిగినాడు, అంటే రెండు టీములోళ్లూ గుంపుగా వంగి తోసుకుంటా బంతి కోసం పోటీ పడేది. 34-32, జపాన్ గెలిచింది. ఆ చివరి ట్రై (బంతిని గీత అవతల నేలకానిస్తే ఐదు పాయింట్లు) వేసిన హెస్కెత్ కూడా న్యూజీలాండులో పుట్టినోడే. ఆ పొద్దు నేను కేక పెడితే పక్కింటాయన తలుపు కొట్టినాడు. తిట్టడానికనుకున్నా, ఆయనా మ్యాచే చూస్తా ఉన్నాడంట.

—

పిల్లోడి అమ్మకు నా మాటగా చెప్పు నాయనా. మావాడు ఆరేళ్లు ఆడినాడు, ఒకసారి వేలు విరిగింది, అంతే. హెడ్‌క్యాప్, మౌత్‌గార్డ్ లేకుండా గ్రౌండులోకి పంపొద్దు. తలకు దెబ్బ తగిలితే మాత్రం బాగుందన్నా ఆ రోజు మళ్లీ దించనీయొద్దు. కబడ్డీలో కాళ్లు పట్టే అలవాటు ఇక్కడా పనికొస్తాది, భుజాల పైన చెయ్యి పడితే మాత్రం ఫౌలు. అసలు కష్టం బురద బట్టలు. ముందు బక్కెట్లో నానబెట్టి బ్రష్షుతో రుద్దినాకే మిషన్లో వెయ్యమను. మాది రెండు మిషన్లు పోయినాయి.

—

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ఫారం తెచ్చినాడు. బూట్లు వాళ్లే ఇస్తారా?

—

లేదు నాయనా, మనమే కొనాల. ఒక సైజు పెద్దవి తీసుకోవద్దు, జారతాడు. సీనియర్ పిల్లల పాతవి సరిపోతాయేమో ముందు అడుగు.