బంగ్లాదేశ్ తొలినాళ్ల పోస్టుకార్డులు: ముద్ర అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి?

1971 డిసెంబరు తర్వాత బంగ్లాదేశ్‌కు సొంత కార్డులు, కవర్లు వెంటనే లేవు కదా, చేతిలో ఉన్న పాకిస్తాన్ స్టాకు మీదే ఊరూరా పోస్టాఫీసుల్లో రబ్బరు స్టాంపుతో "బంగ్లా దేశ్" అని కొట్టి వాడేశారు. ఒక చోట బెంగాలీలో, ఇంకో చోట ఇంగ్లీషులో, నలుపు, ఊదా, ఎరుపు, ఎవరికి ఏ ఇంకు దొరికితే అది. 1973 ఏప్రిల్ 30తో అవి చెల్లడం ఆగిపోయింది. నేను వెతికేది తపాలా స్టాంపులు కాదు, ఈ కార్డులూ కవర్లే.

మొన్న కోల్‌కతాలో పాత కాగితాల కొట్లో ఒక కార్డు దొరికింది. ఊదా రంగు ముద్ర, కాస్త వంకరగా పడింది, చివరి అక్షరం సగమే అచ్చయింది. ఖుల్నా (బంగ్లాదేశ్‌లో ఒక ఊరు) పోస్టాఫీసు తారీఖు ముద్ర దాని మీదుగా పోయింది. ఉత్తరం "శ్రీచరణేషు" అని మొదలవుతుందని మా ఆఫీసులో బెంగాలీ అతను చదివి చెప్పాడు, తర్వాతంతా ధాన్యం ధరల గొడవేనట!

ముద్ర మీద తారీఖు ముద్ర పడి, నిజంగా పోస్టులో పోయిన కార్డు కాబట్టి ఇది నమ్మొచ్చనిపిస్తోంది. నా టెన్షనంతా వాడని కార్డుల గురించే. అదే కొట్లో ఒక కట్ట ఉంది, కానీ రబ్బరు స్టాంపు ఎవరైనా చేయించుకోవచ్చుగా, అమ్మేవాళ్లే కొట్టేసుకుని ఉంటే? ఇంకు కాగితంలోకి ఇంకిన తీరు చూసి చెప్పగలమా? ఏ ఊళ్లో ఏ ముద్ర వాడారో బొమ్మలతో ఉన్న జాబితా ఎక్కడైనా దొరుకుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, ఆ కట్ట ఆదివారం దాకా పక్కన పెట్టమని చెప్పొచ్చాను.