ఫెరారీ ఎఫ్40, పోర్షే 959: దగ్గరగా ఎరిగినవారు ఉన్నారా?

ఈ రెండు కార్లలో ఏది గొప్పదని మా బావగారికీ నాకూ వాదన ఎంతకీ తెగడం లేదు. ఆయనది పోర్షే 959 పక్షం: నాలుగు చక్రాలకూ శక్తి, ఎత్తు మార్చుకునే సస్పెన్షన్, పైగా 1986లో పారిస్-డకార్ ఎడారి ర్యాలీలో గెలుపు. నాకేమో 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 అంటేనే ప్రాణం. లోపల తివాచీ లేదు, రేడియో లేదు. తలుపు తీయాలంటే పిడికి బదులు ఒక తాడు!

రెండింటికీ జంట టర్బోలే (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టి శక్తి పెంచే పరికరాలు). కాకపోతే 959లో అవి ఒకదాని వెనుక ఒకటి అందుకుంటాయి, ఎఫ్40లో రెండూ ఒకేసారి విరుచుకుపడతాయి. వీటిని నడిపినవారు, కనీసం మరమ్మతు చేసినవారు ఉంటే దయచేసి చెప్పండి: సీట్లో కూర్చున్నవారికి ఆ తేడా నిజంగా తెలుస్తుందా? ఇన్నేళ్ల తర్వాత దేన్ని నడిచే స్థితిలో ఉంచడం ఎక్కువ కష్టం? వేలం ధరల ఊసు మాత్రం వద్దు, అవి మా ఇద్దరికీ అందనివే.