పాత చీరల సంచి 450, కుట్టినావిడకి 60: మన సంతలో స్టాల్ ఇవ్వాలా?

లెక్కల మాస్టారు, వైట్‌ఫీల్డ్:
వచ్చే నెల మన బెంగళూరు తెలుగువాళ్ళ సంతలో ఒక షెల్టర్ వాళ్ళు ఉచితంగా స్టాల్ అడిగారు. ఇళ్ళల్లో పనిచేస్తుంటే యజమానులు గెంటేసినవాళ్ళు, జీతం ఎగ్గొడితే రోడ్డున పడ్డవాళ్ళు అక్కడ తలదాచుకుంటారు. పాత చీరలతో, ఫ్లెక్సీలతో సంచులు కుడతారు. పోయినసారి నేనూ ఒకటి కొన్నాను. 450 రూపాయలు. కుట్టినందుకు ఎంత ఇస్తారని అడిగితే, సంచికి 60 అన్నారు. రోజుకి రెండు సంచులకు మించి కావట. అంటే 120. స్టాల్ ఇచ్చే ముందు ఈ లెక్క తేలాలి.

కేఆర్‌పురం కుర్రాడు:
నా సంచి లోపల ఎవరో నాయకుడి సగం మీసం ఉంది సార్. 2018లో హైకోర్టు ఫ్లెక్సీలన్నీ పీకించింది కదా, ఇంకా ఎక్కడ దొరుకుతున్నాయి?

విజయ, షెల్టర్ వాలంటీర్:
తమ్ముడూ, ఎన్నికలొస్తే మీసాలకు కరువా.
మాస్టారూ, మీరు అడిగినప్పుడే చెప్పాను, మీరు సగమే రాశారు. జిప్పు, లైనింగు, దారం, మిషను రిపేరు, ఆటో, ఇవన్నీ ఆ 450లోనే. పైగా అది ఫ్యాక్టరీ కాదు. మా దగ్గరికి ఒకావిడ కట్టుబట్టలతో వచ్చింది. పది రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. పేరు కూడా చెప్పలేదు. పదకొండో రోజున బాబిన్‌కి దారం చుట్టడానికి లేచింది. ఆ రోజు ఆవిడ కుట్టింది సంచి కూడా కాదు, అడ్డదిడ్డంగా నాలుగు గీతలు. దానికి కనీస వేతనం లెక్క కడతారా?

లెక్కల మాస్టారు:
ఆ నాలుగు గీతలకు అడగడం లేదు. 450కి అమ్మినదానికి అడుగుతున్నాను. కర్ణాటకలో ఇంటిపనికి 2004లోనే కనీస వేతనం ఖరారు చేశారు. కుట్టుపనికి అంతకంటే తక్కువేంటి? ఇది సాయం, ఉద్యోగం కాదు అనే మాట కొత్తదేం కాదు. రాజస్థాన్‌లో కరువు పనుల్లో రోడ్లు వేసినవాళ్ళ విషయంలో ప్రభుత్వం కూడా అదే అంది. 1983లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం కింద వెట్టిచాకిరీ అంది.

పద్మజ, మారతహళ్ళి:
నాది వేరే బాధ. మా అమ్మ వెంకటగిరి చీర పోయిన ఏడు మీ డబ్బాలో వేశాను, ఎవరైనా కట్టుకుంటారని. సంతకొచ్చి చూస్తే ఆ చీర అంచు సంచికి పట్టీ అయ్యింది. జరీ మీద మిషను కుట్టు వేస్తే నిలుస్తుందా? ఎవరు కోశారు దాన్ని?

విజయ:
పద్మజ గారూ, మడతల దగ్గర చీలిపోయింది కాబట్టే కోసి ఉంటారు. కనుక్కుంటాను.

పద్మజ:
చీలలేదు. నేను కలరా ఉండలు పెట్టి దాచాను.

పాత హాంకాంగ్:
ఆరేళ్ళు హాంకాంగ్‌లో ఉద్యోగం చేశాను కాబట్టి చెబుతున్నా. అక్కడ ఫిలిప్పీన్స్, ఇండోనేషియా పనివాళ్ళకి ఉద్యోగం పోతే రెండు వారాల్లో హాంకాంగ్ వదలాలి. 1987 నుంచీ అదే రూలు. జీతం కోసం కేసు వేస్తే విజిటర్‌గా ఉండనిస్తారు, కానీ పని చెయ్యకూడదు. బెతూన్ హౌస్ అని 1986 నుంచి నడుస్తున్న షెల్టర్ ఉంది, ఇలాంటివాళ్ళ కోసమే. అటువంటి చోట చేతిపనికి కూలి ఇస్తే ఆవిడే చిక్కుల్లో పడుతుంది. ఏదో కాలక్షేపంగా నేర్పాలి, వచ్చింది షెల్టర్ ఖర్చులో కలపాలి. మాస్టారు లెక్క అన్ని చోట్లా కుదరదు.

లెక్కల మాస్టారు:
అక్కడ వీసా అడ్డు. బెంగళూరులో రాయచూరు ఆవిడకి, కడప ఆవిడకి ఏ వీసా అడ్డొచ్చింది? మీరు నా వాదనే బలపరిచారు, థాంక్స్.
కాలక్షేపం అనే మాట ఇంకోసారి ఎవరూ వాడకండి.

కేఆర్‌పురం కుర్రాడు:
మాస్టారు హర్ట్ అయ్యారు.

విజయ:
నాకూ కోపం వస్తోంది, చెప్పేస్తాను. ఇక్కడ చట్టాలు చదివేవాళ్ళంతా ముందు మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడకి ఎంతిస్తున్నారో రాయండి. వారానికో రోజు సెలవుందా? పండక్కి రాకపోతే జీతం కొయ్యరా? సర్వీస్ లిఫ్టులో తప్ప ఎక్కనివ్వని అపార్ట్‌మెంట్లు ఎన్ని లేవు? మా షెల్టర్లోకి వచ్చేది గాల్లోంచి కాదు. మీ టవర్లలోంచే.

పాత హాంకాంగ్:
ఇది టాపిక్ కాదు.

విజయ:
ఇదే టాపిక్. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద 2011లో జెనీవాలో అంతర్జాతీయ ఒప్పందం వస్తే మన దేశం చెయ్యెత్తి ఓటేసింది. ఇంతవరకూ ఆమోదించలేదు. మన ఇళ్ళల్లోనూ అంతే, మాట బాగానే ఉంటుంది.

లెక్కల మాస్టారు:
నేనిచ్చేది రాస్తాను. రెండు పూటలకీ 5,000. నెలకి రెండు సెలవులు. తక్కువే. ఈ చర్చ మొదలెట్టాక ఆవిడ ముందు కూర్చుని కాఫీ తాగడం కష్టంగానే ఉంది.
ఇక కాలక్షేపం సంగతి. విజయవాడలో మా అమ్మ అప్పడాలు చేసేది. పిండి సేటు పంపేవాడు. రాత్రి పదకొండింటిదాకా పీట ముందు నుంచి లేచేది కాదు, బొటనవేలు వంకర తిరిగింది. డబ్బు పెంచమని అడిగితే సేటు నవ్వి, ఇంట్లో ఊరికే కూర్చోకుండా మీకు కాలక్షేపం కదమ్మా అనేవాడు. మంచివాడే, పండక్కి చీర పెట్టేవాడు. మీ స్టాల్ దగ్గర నవ్వుతూ నిలబడ్డ అమ్మాయి ఆ మాటే అంది. అక్కడ మొదలైంది నాకు.

రాయచోటి పిల్ల:
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. మా అమ్మ కువైట్‌లో రెండేళ్ళు ఒక ఇంట్లో చేసింది. అక్కడ 2015లోనే చట్టం చేశారు, రోజుకి 12 గంటలకు మించకూడదు, వారానికో రోజు సెలవు అని. మా అమ్మకి ఆ సంగతి ఇక్కడికి వచ్చాక నేను చెబితేనే తెలిసింది. ఏడు నెలల జీతం ఇవ్వకపోతే పారిపోయి షెల్టర్‌కి చేరింది. నాలుగు నెలలు అక్కడ పాత గుడ్డలతో సంచులు కుట్టింది. ఎవరెవరో వచ్చి మెచ్చుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. ఏడు నెలల జీతం ఏమైందని మాత్రం ఒక్కరూ అడగలేదు. చివరికి టికెట్ ఇచ్చి పంపించేశారు.
అయినా ఒక సంచి తనతో తెచ్చుకుంది. పాస్‌పోర్టు, కాగితాలు దాంట్లోనే పెట్టి బీరువా మీద ఉంచుతుంది. పారెయ్యమంటే తిడుతుంది. మీ ఇద్దరిలో ఎవరిది కరెక్టో నాకైతే తెలీదు.

లెక్కల మాస్టారు:
అమ్మాయీ, నేను 60 పట్టుకుని ఇంతసేపు గీరాను. అసలు అడగాల్సింది నువ్వు అడిగావు. విజయ గారూ, మీ దగ్గరున్నవాళ్ళకి పాత యజమానులు పడ్డ బాకీలు ఎవరైనా వసూలు చేస్తున్నారా?

విజయ:
ఇప్పుడు ఎనిమిది మంది ఉన్నారు. అయిదుగురికి జీతం బాకీ. వకీలు లేడు. సంచుల్లో మిగిలేదంతా ఫోటోకాపీలకి, బస్సుకి, బన్నేరుఘట్ట రోడ్డులో లేబర్ ఆఫీసు, అదే కార్మిక భవన్ చుట్టూ తిరగడానికే అయిపోతుంది. ఈ మాట స్టాల్ మీద రాస్తే కొనరు మాస్టారూ. "ఆశల సంచి" అని రాస్తే కొంటారు. కొనేవాళ్ళలో ఆ అయిదుగురి యజమానులు కూడా ఉండొచ్చు, నేను ఎవరితో గొడవ పెట్టుకోను? అందుకే కూలి పెంచమంటే నాకు ఒళ్ళు మండింది. అక్కడ పెంచితే ఇక్కడ తిరగడం ఆగిపోతుంది. అది వాళ్ళని అడిగి చేశామా అంటే, అడగలేదు. ఒప్పుకుంటున్నా.

లెక్కల మాస్టారు:
అడగండి. వాళ్ళు తిరుగుళ్ళకే పెట్టమంటే నాకు పేచీ లేదు. బోర్డు మీద రెండూ రాయాలి: అమ్మే ధర, కుట్టుకూలి. కింద ఆ అయిదుగురి బాకీ మొత్తం, పేర్లు లేకుండా.

పాత హాంకాంగ్:
సంతకి పిల్లలతో వస్తారు జనం. బాకీల బోర్డు పెడితే పండగ వాతావరణం పోతుంది.

విజయ:
బోర్డు నేను రాయిస్తాను. మీరే పట్టుకుని నిలబడాలి మాస్టారూ. మంగళవారం కార్మిక భవన్‌కి కూడా రండి, ఒకావిడ కాగితాల్లో తేదీలు కుదరడం లేదు. మీకు లెక్కలొచ్చు కదా.

లెక్కల మాస్టారు:
ఎన్నింటికి?

విజయ:
పదింటికి. ఆఫీసువాళ్ళు పదకొండున్నరకి వస్తారు, అది వేరే సంగతి.

మోడరేటర్:
స్టాల్ విషయం ఆదివారం కమిటీలో పెడతాం. సర్వీస్ లిఫ్టు మీద వాదన వేరే చోట చేసుకోండి.

పద్మజ:
నా చీర ఎవరు కోశారో మాత్రం ఎవరూ చెప్పలేదు.