నులిపురుగులను తట్టుకునే బత్తాయి వేరుమూలం: బెంగళూరు చుట్టుపక్కల ఎవరికైనా దొరికిందా?

యలహంక బత్తాయి:
ఆరేళ్ళ క్రితం చిక్కబళ్ళాపురం వైపు రెండెకరాలలో బత్తాయి వేశాను. మూడేళ్ళు బాగా ఎదిగిన చెట్లకు ఆ తరువాత ఆకు చిన్నదై, కొమ్మల చివర్లు ఎండి, కాయ గోలీకాయంతకు వచ్చింది. పోషకాలు చాలలేదనుకొని రెండేళ్ళు ఎరువు మీదే డబ్బు పోశాను. చివరకు పాదు తవ్వి చూస్తే పీచువేర్లకు పట్టిన మట్టి ఎంత కడిగినా వదలలేదు. పరీక్షలో సిట్రస్ నులిపురుగు, అంటే నిమ్మజాతి వేర్లను పీల్చే, కంటికి ఆననంత సన్నని పురుగు అని తేలింది. నా అంట్లన్నీ జంభేరి నిమ్మను వేరుమూలంగా, అంటే కింద వేరునిచ్చే మొక్కగా పెట్టి కట్టినవే. పోయిన చెట్ల చోట దేని మీద కట్టిన మొక్క వేయాలి?

నెల్లూరు నిమ్మ:
మట్టి వదలకపోవడమే దాని ఆనవాలండి. ఆడ పురుగు తల వేరులో దూర్చి, వెనుక భాగాన్ని బయట ఉంచి, జిగురులో గుడ్లు పెడుతుంది; మట్టి అంటుకునేది ఆ జిగురుకే. వేరుమూలాలుగా వాడే జంభేరి, రంగపూర్ నిమ్మ రెండూ దీనికి లొంగేవే. ఒక్క మాట చెప్పండి, అది పాత ద్రాక్షతోట కాదు కదా? ఈ పురుగు ద్రాక్ష వేర్ల మీద కూడా బతుకుతుంది.

యలహంక బత్తాయి:
ద్రాక్షతోటేనండి. పందిరి రాళ్ళు ఇంకా గట్టు మీదే ఉన్నాయి.

అంటు కత్తి:
దీనికి బాగా నిలిచేది మూడాకుల నారింజ, అంటే ట్రైఫోలియేట్. దానిని 1907లో ఫ్లోరిడాలో గ్రేప్‌ఫ్రూట్‌తో సంకరం చేయగా వచ్చినదే స్వింగిల్ సిట్రుమెలో. అదీ ఈ పురుగును తట్టుకుంటుంది. బత్తాయి జాతితో కలిపిన కారిజో, ట్రాయర్ సిట్రేంజిల తట్టుకునే శక్తి మధ్యరకం. అయితే ట్రైఫోలియేట్ మీద కూడా పెరిగే నులిపురుగు తెగలు కాలిఫోర్నియాలో బయటపడ్డాయి కాబట్టి దీనిని తిరుగులేని కవచమని నమ్మకండి. నర్సరీలో మోసపోకుండా ఉండాలంటే అంటు కట్టకముందే నారు చూడండి: ఈ సంకరాలకు ఆకు మూడు రెక్కలుగా ఉంటుంది, రంగపూర్‌కు ఒకటే. అంటు అతికి వేరుమూలపు తల కోసేశాక ఎవరు ఏమి చెప్పినా నమ్మవలసిందే.

అనంత చీనీ:
ఆ మాట విని నేను అనంతపురంలోని మా సున్నపు నేలలో ట్రైఫోలియేట్ సంకరం మీద కట్టిన చీనీ వేసి, రెండో ఏటికే ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి ఆకంతా పసుపెక్కడం చూశాను. ఇనుప ధాతువు పిచికారీలతో కొంతకాలం లాగి, విసిగి మళ్ళీ రంగపూర్‌కే వచ్చాను. పురుగు ఉంది, చెట్టూ ఉంది, కాపూ ఉంది. పురుగును తట్టుకొని నేలను తట్టుకోలేని వేరు మనకెందుకు? ముందు మట్టి పరీక్ష చేయించండి.

యలహంక బత్తాయి:
మాది ఎర్రనేల, ఉదజని సూచిక (pH) 6.4 వచ్చింది, సున్నం లేదు. నర్సరీలలో మాత్రం రంగపూర్ తప్ప మరొకటి పేరు కూడా విన్నట్టు లేరు.

అంటు కత్తి:
అయితే మీ నేలకు ట్రైఫోలియేట్ సంకరాలు నప్పవచ్చు. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థలోనూ, తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానంలోనూ విత్తనం కోసం అడిగి చూడండి. నారు మీరే పోసుకొని, ఒకే తీరుగా లేనివాటిని ఏరిపారేసి, నమ్మకమైన చెట్టు కన్నుతో అంటు కట్టించండి. సంచులలో పాత తోట మట్టి మాత్రం నింపవద్దు. సగం తోటలకు పురుగు చేరేది నర్సరీ సంచిలోనే అని నా అనుమానం.

నెల్లూరు నిమ్మ:
పాత గుంతలోనే నాటకుండా వరుసల మధ్యకు జరపండి. బతికి ఉన్న చెట్లకు నులిపురుగు గుడ్లను తినే పెసిలోమైసిస్ శిలీంధ్రాన్ని వేపపిండి, పశువుల ఎరువులో మాగబెట్టి పాదులకు వేయండి. నేను ఏడాదికి రెండుసార్లు వేస్తున్నాను; పురుగు పోలేదు గాని కొత్త పీచువేర్లు కనబడుతున్నాయి.