పరిచారము, ఉపచారము, పరిచర్య: మూడూ ఒకటేనా?

నిన్న మా సంఘంలో సెమీ క్రిస్మస్ (పండక్కి ముందే చేసుకునే వేడుక) గురించి మీటింగ్ పెట్టారు. పెద్దాయన ఒకరు “ఈసారి క్యారల్స్ రౌండ్స్ తగ్గించి పరిచర్య పెట్టుకుందాం” అనగానే యూత్ కుర్రాడొకడు “స్పీకర్ ఎవరండీ?” అన్నాడు. అందరం నవ్వాం గానీ వాడి తప్పేం లేదు. బ్యానర్ల మీద పరిచర్య అంటే మైకు పట్టుకుని చెప్పేదే కదా ఇప్పుడు. సేవకులు అన్నా పాస్టరు గారే.

ఇంటికొచ్చి మార్కు సువార్త తిరగేశాను. 1:31లో సీమోను అత్తకి జ్వరం వదలగానే ఆమె వాళ్లకి “ఉపచారము చేయసాగెను”. 10:45లో మనుష్యకుమారుడు, అంటే యేసు, “పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకును” వచ్చాడు. గ్రీకులో రెండు చోట్లా ఒకటే క్రియ, దియాకొనేయో. భోజనాల బల్ల దగ్గర నిలబడి వడ్డించడం దాని మామూలు అర్థాల్లో ఒకటి. అంటే జ్వరం తగ్గీ తగ్గగానే ఆవిడ చేసిన పనికీ, ఆయన తాను వచ్చిందే అందుకని చెప్పిన పనికీ మూలంలో తేడా లేదు, తెలుగులోకి వచ్చేసరికి రెండు మాటలయ్యాయి. అపొస్తలుల కార్యములు 6 ఇంకా తమాషా: మొదటి వచనంలో “అనుదిన పరిచర్య” అంటే విధవరాండ్రకి రోజూ భోజనం చూడటం, నాలుగో వచనంలో “వాక్యపరిచర్య”. రెండోది బ్యానరెక్కింది, మొదటిది వంటపాకలోనే ఉండిపోయింది.

(మన వైజాగ్‌కి ఈ కథలో వాటా ఉంది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, దెగ్రాంజ్ 1805లో వచ్చింది ఇక్కడికే. ఇక్కడే తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఇప్పుడు మనం చదివే మాటలు వాళ్లవే అనలేం, తర్వాత చాలా సవరణలు జరిగాయి.)

మరి సేవ అనేస్తే సరిపోదా? మీరేమంటారు?

జవాబు: సరిపోదు మాస్టారూ. పరి అంటే చుట్టూ, చర అంటే తిరగడం. మనిషి చుట్టూ తిరుగుతూ ఏం కావాలో కనిపెట్టుకుని ఉండటం పరిచారం. ఉప అంటే దగ్గర, కాబట్టి ఉపచారం దగ్గరకి చేరి చేసేది. కాకపోతే ఉపచారం ఇప్పుడు కాస్త వెటకారంలో పడింది, “అల్లుడుగారికి ఉపచారాలు” అన్నట్టు. మత్తయి 25:44లో “నీకు ఉపచారము చేయకపోతిమి” అని చదివినప్పుడు నాకు అదే అడ్డం వస్తుంది.

జవాబు: వ్యుత్పత్తి సంగతి నాకు తెలీదు గానీ ఒకటి చెప్తాను. పోయిన డిసెంబర్‌లో మేం పులిహోర పొట్లాలు, దుప్పట్లు పట్టుకుని ఇక్కడి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లాం. ఒక పెద్దావిడ దగ్గర అప్పటికే మూడు పొట్లాలున్నాయి. నేను నాలుగోది చాపితే తీసుకోకుండా, “అన్నం ఒద్దు బాబూ, ఓ గంట మా ముసిలోడి కాడ కూకుంటావేటి, నాను తానం చేసొస్తాను” అంది. కూర్చున్నాను. ఆయన మాట్లాడలేదు, రెండుసార్లు మంచినీళ్లకి సైగ చేశాడు, గ్లాసు ఎంత వంచాలో తెలీక మొదటిసారి గడ్డం మీద పోశాను. ఆవిడ తడిజుట్టుతో వచ్చేసరికి మా వాళ్లు ఫొటోలు దిగి వ్యాన్ ఎక్కేశారు. మీరన్న “చుట్టూ తిరగడం” ఇదేనేమో.

అసలు పోస్టు పెట్టినవాణ్ణి: ఇదే, ఇదే. సేవ ఇచ్చేసి వచ్చేసినా సేవే, పరిచారానికి మాత్రం అక్కడ ఉండాలి. ఈసారి పొట్లాల లిస్టు పక్కనే గంటసేపు కూర్చునేవాళ్ల లిస్టు కూడా రాయమంటాను, ముందుగా వార్డులో నర్సమ్మగారిని అడిగి.

జవాబు: అంతా బాగుంది గానీ ఫ్లెక్సీ మీద మాత్రం “పరిచారము” అని రాయించకండి. అచ్చుతప్పు అనుకుని “ప్రచారము” అని దిద్ది కొట్టేస్తాడు.