అప్‌డేట్: దువ్వెన నిండా వెంట్రుకలు, అసలు కారణం తెలిసింది

విజయనగరం బోరు నీళ్ల వల్లే నా జుట్టు ఊడుతోందా, నూనె మార్చాలా అని నాలుగు నెలల క్రితం అడిగాను. చర్మవ్యాధుల వైద్యురాలు తల చూడకముందే, ఈమధ్య పెద్ద జ్వరమేదైనా వచ్చిందా అని అడిగారు, వచ్చింది, డెంగీ. అటువంటి జ్వరం వల్ల చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలలకు రాలిపోతాయని, దీనిని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారని, రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మాత్రం సహజమేనని వివరించారు. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగానే ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు వాడుతూ, టీ ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు కాబట్టి భోజనం కాగానే టీ తాగడం మానేశాను (ఇది మా అత్తగారికి నచ్చలేదు). ఇప్పుడు పాపిట పక్కన అంగుళం కూడా లేని కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తున్నాయి. గంటస్తంభం దగ్గర కొన్న ఉల్లి నూనె సగం సీసా అలాగే ఉంది.