ఇంజిన్ విప్పకుండా టర్బో బూస్టు ఎంతవరకు పెంచవచ్చు? విశాఖ మిత్రులు మీ అనుభవాలు చెప్పండి

సాగరతీరం
అందరికీ నమస్కారం. నాది పోలో జీటీ టీఎస్ఐ, 1.2 లీటర్ల పెట్రోలు, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. కంపెనీ లెక్కలో శక్తి 105 పీఎస్, టార్క్ 175 ఎన్ఎం. పిస్టన్లు, రాడ్లు, టర్బో అన్నీ బండితో వచ్చినవే. బూస్టు (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి పీడనం) ఎంత పెంచితే తట్టుకుంటుంది? ఒకరు 1 బార్ దాటవద్దంటారు, మరొకరు 20 పీఎస్ఐ అయినా ఫరవాలేదంటారు. ఫోనులో ఇంజిన్ రీడింగులు చూపే ఓబీడీ యాప్ ఇప్పటికే 170 చూపిస్తోంది. అది ఏ లెక్కో అర్థం కాలేదు. రోజూ మధురవాడ నుంచి గాజువాక, వీలైనప్పుడల్లా అరకు, ఇదీ నా తిరుగుడు.

ఆటోనగర్ మెకానిక్
ముందు ఆ 170 సంగతి తేల్చుకుందాం. అది కిలోపాస్కల్స్‌లో మొత్తం పీడనం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి చూడండి, 100 దగ్గర నిలబడుతుంది. అది బయటి గాలి పీడనం. దాన్ని తీసేయగా మిగిలిన 70 మీ బూస్టు. అంటే 0.7 బార్, సుమారు 10 పీఎస్ఐ. ఈ తీసివేత చేయకుండానే 1.7 బార్ అని చెప్పుకునేవారు మా దగ్గరికి చాలామంది వస్తుంటారు. మీకు 20 పీఎస్ఐ అని చెప్పినవారు ఏ లెక్కలో చెప్పారో అడగండి.

ఉక్కునగరం
మెకానిక్ గారు చెప్పింది నిజం. నేను వేడి గురించి చెబుతాను, ఎందుకంటే మన ఊళ్లో అసలు హద్దు అక్కడే ఉంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 35 డిగ్రీల గాలిని 0.8 బార్ బూస్టుకు నొక్కితే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికి వచ్చేసరికి 115 డిగ్రీల దాకా చేరుతుంది. దాన్ని చల్లార్చాల్సింది ఇంటర్‌కూలర్. మే నెల మధ్యాహ్నం ఎన్ఏడీ కూడలి దగ్గర బండ్ల మధ్య ఇరుక్కుంటే ఇంటర్‌కూలర్‌కు గాలి ఎక్కడిది? కంపెనీ ఇంటర్‌కూలర్‌తో బూస్టు పెంచితే జనవరి ఉదయం భీమిలి రోడ్డు మీద బాగానే పరుగెత్తిన బండి మేలో నాకింగ్‌కు (మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటానికి) దిగుతుంది. బూస్టు అంకె మాత్రం రెండుసార్లూ అదే. అందుకే గేజి కన్నా ముందు మానిఫోల్డులోకి (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోకి) వెళ్లే గాలి ఉష్ణోగ్రత చూడమంటాను.

కైలాసగిరి
మీరంతా మరీ భయపెడుతున్నారు. మా బావగారి బండి ఇదే పోలో. స్టేజ్ 1 రీమ్యాప్ (విడిభాగాలు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగుల మ్యాప్ మాత్రం మార్చడం) చేయించారు, టార్క్ 220 దగ్గరకు వచ్చింది, ఇప్పటికీ హాయిగా తిరుగుతోంది. ఆ డీఎస్‌జీకి కంపెనీ చెప్పే హద్దే 250 ఎన్ఎం. దానికి లోపల ఉంటే దిగులెందుకు?

ఆటోనగర్ మెకానిక్
మీ బావగారి బండి బాగుందంటే రీమ్యాప్ చేసినవారు పద్ధతిగా చేశారని అర్థం. కానీ 250 గేర్‌బాక్సు హద్దు, పిస్టన్‌ది కాదు. అన్నిటికన్నా ప్రమాదం ఏమిటో చెబుతాను. 1,500 ఆర్‌పీఎం దగ్గర పై గేరులో పెడల్ పూర్తిగా తొక్కడం. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న చిన్న టర్బో ఇంజిన్లలో అప్పుడే ప్లగ్గు మండించకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఎక్కువ. ఒక్క దెబ్బకు పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోవచ్చు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు గేరు తగ్గించి 2,500 పైన నడపండి. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్పీ అని ఉన్నదే పోయించండి, ఈ రకం మంటను తగ్గించేలా తయారైన ఆయిల్ అది.

రుషికొండ
మా స్నేహితుడి బండికి జరిగింది చెబుతాను. ఒక చోట రీమ్యాప్ చేయించాడు. బండి నడుస్తుండగా తీసే రీడింగుల లాగ్ ఏదీ ఇవ్వలేదు, ఏ పెట్రోలుకు చేశారో కూడా చెప్పలేదు. 95 ఆక్టేన్‌కు (పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) చేసిన మ్యాప్ అని తరువాత తెలిసింది, అతను పోయిస్తున్నది అప్పటి మామూలు 91. కొన్ని నెలలకు శక్తి తగ్గి, ఆయిల్ తాగడం మొదలైంది. ప్లగ్గులు విప్పితే మూడో సిలిండర్ ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద ఆవగింజల్లా వెండి రంగు చుక్కలు. పిస్టన్ అల్యూమినియం కరిగి అంటుకున్నదే అదంతా. ఇంజిన్ విప్పాల్సి వచ్చింది.

మల్టీజెట్ 1.3
డీజిల్ వారి కోసం రెండు మాటలు. మాకు నాకింగ్ బాధ లేదు. మా హద్దు ఎగ్జాస్ట్ వేడి, టర్బో వేగం. నల్లపొగ వస్తుంటే గాలికి మించి డీజిల్ పోస్తున్నట్టే.

సముద్రపు గాలి
టర్బో లేని స్విఫ్ట్ పెట్రోలుకు బయటి కిట్ బిగించవచ్చా?

ఆటోనగర్ మెకానిక్
కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే మేర) ఎక్కువ ఉన్న ఇంజిన్ తమ్ముడూ అది. మంచి ఇంటర్‌కూలర్, సరిపడా ఇంజెక్టర్లు, జాగ్రత్తైన మ్యాప్ ఉన్నా 0.3 నుంచి 0.5 బార్ దాటమని నేను చెప్పను.

ఉక్కునగరం
అరకు గురించి ఇంకొకటి. అక్కడ, సుమారు 900 మీటర్ల ఎత్తులో, బయటి పీడనం 0.9 బార్ పరిసరాల్లోనే. కింద వచ్చినంత మొత్తం పీడనమే పైనా రావాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. కంపెనీ ఈసీయూకు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు, ఈ సంగతి తెలుసు, ఆ మేరకు తగ్గిస్తుంది. కొందరు రీమ్యాపుల్లో ఆ రక్షణనే తీసేస్తారు. చేయించే ముందు తప్పకుండా అడగండి.

సాగరతీరం
అందరికీ ధన్యవాదాలు. అయితే 0.7 నుంచి 0.9 దాకా వెళ్లి, 95 పెట్రోలు పోయిస్తూ, 3,000 ఆర్‌పీఎం లోపు టార్క్ పెంచకుండా మ్యాప్ అడిగితే సరేనా?

ఆటోనగర్ మెకానిక్
సరే. నాకింగ్ వల్ల ఈసీయూ ప్లగ్గు మండించే టైమింగ్‌ను ఎన్ని డిగ్రీలు వెనక్కి తీస్తోందో మే నెల మధ్యాహ్నం లాగ్ తీయించండి. ఏ సిలిండర్‌లోనైనా మూడు, నాలుగు డిగ్రీలు పదేపదే కనిపిస్తే బూస్టు తగ్గించాల్సిందే. కొత్త ప్లగ్గులు వేసి, గ్యాపు కొద్దిగా తగ్గించమనండి. బూస్టు పెరిగితే నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది. ఇంకో మాట, బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.